సైకిలు మీద కోనసీమ: మెరక, పల్లం పాఠం



కోనసీమ అందాలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దిండిలో పడవ ఎక్కుతారు, కొబ్బరి తోటల్లో ఫొటోలు దిగుతారు, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వెళ్తారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి హాస్టల్లోనే చదువుకుంటున్న మనం మాత్రం పండక్కి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించేదే కోనసీమ అనుకుంటాం. సైకిలు మీద తిరిగితే మన నేలను పాఠంలాగా చదువుకోవచ్చు. ఆ పాఠం పరీక్షల్లో మార్కులకే కాదు, మన బతుక్కి కూడా కావాలి. ఇది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన దీవి రూపం

కోనసీమకు తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. చుట్టూ నీరే కాబట్టి ఇది దీవి. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టితో ఈ ముక్కోణం ఏర్పడింది. రావులపాలెంలో నిలబడితే ఈ సంగతి తెలుస్తుంది. ఒక పక్క జొన్నాడ వైపు గౌతమి మీద వంతెన, ఇంకో పక్క సిద్ధాంతం వైపు వశిష్ఠ మీద వంతెన. రెండింటికీ మధ్య సైకిలుకు ఎంతో సేపు పట్టదు. అక్కడి నుంచి కిందికి వచ్చేకొద్దీ నేల వెడల్పవుతుంది.

వశిష్ఠ నుంచి వైనతేయ అనే మరో పాయ చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందువల్ల రాజోలు వైపు భూమి దీవిలో మరో దీవి అయింది. పాత పుస్తకాల్లో దీన్ని నగరం దీవి అన్నారు. 2022లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో మన సీమ అంతా ఉంది.

సైకిలే ఎందుకు?

కొండల్లో ఎత్తుపల్లాలు కంటికి కనిపిస్తాయి. డెల్టాలో అవి అడుగుల్లోనే ఉంటాయి. కారులో పోయేవాడికి నేలంతా బల్లపరుపుగానే తోస్తుంది. పెడల్ తొక్కే కాలు మాత్రం మోసపోదు. ఏటిగట్టు ఎక్కేటప్పుడు పిక్కలు లాగుతాయి. గట్టు దిగి పేటలోకి వెళ్తుంటే తొక్కకుండానే సైకిలు జారిపోతుంది. అలా జారిపోయిన చోటే వరద నీరు కూడా చేరుతుంది. మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ, ఆ పల్లంలో ఎవరి ఇళ్ళున్నాయి అన్నవి ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్నలు.

గాలిని చూసి బయలుదేరాలి

నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. నీరు రెండూ నెమ్మదిగా చేస్తుంది. అందుకే వాతావరణం మామూలుగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీద నుంచి నేల వైపు వీస్తుంది. కాబట్టి సముద్రానికి వెళ్ళేవాళ్ళు తెల్లవారగానే బయలుదేరి, ఎండ తగ్గాక తిరిగి రావాలి. రెండుసార్లూ గాలి వీపుని తోస్తుంది. సైన్సు పుస్తకంలో బట్టీపట్టిన భూపవనం, సముద్రపవనం ఇవే.

మొదటి దారి: అమలాపురం నుంచి గన్నవరం

అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం వెళ్ళే దారి ఒక పూట ప్రయాణం. అంబాజీపేట పేరుపొందిన కొబ్బరి మార్కెట్టు. కాయ ఒలవడం, కురిడీ తీయడం, పీచు తీయడం వరకు పని అంతా అక్కడ చూడవచ్చు.

దారి పొడుగునా కాలువను, మురుగు కాలువను పోల్చి చూడండి. సాగునీటి కాలువ మెరక మీద పోతుంది. అలా పోతేనే నీరు దానంతటదే చేలోకి దిగుతుంది. మురుగు కాలువ పల్లంలో పోతుంది. చేలో మిగిలిన నీటిని అది సముద్రానికి చేర్చాలి. గుర్రపుడెక్క, పూడిక అడ్డుపడితే ఆ నీరు చేలోనే నిలిచిపోతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. గిట్టుబాటు ధర లేకపోవడం, ఖర్చులు పెరగడంతో పాటు మురుగు పోకపోవడం కూడా దానికి ఒక కారణం. రైతు విరామం ప్రకటిస్తే కూలికి పని ఉండదు. మనలో చాలామంది అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళే కాబట్టి మురుగు కాలువ సంగతి మనకూ సంబంధించిందే.

గన్నవరంలో తప్పక చూడవలసింది అక్విడక్టు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. ఆ నీటిని నగరం దీవికి ఇవ్వాలంటే మధ్యలో వైనతేయ అడ్డు. అందుకని ఏటి మీదుగా కమానులు కట్టి, కాలువనే వంతెన ఎక్కించి అవతలికి దాటించారు. కింద ఏరు, పైన కాలువ! తర్వాతి కాలంలో పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు, ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమెది ఆ పక్కనే ఉన్న లంకల గన్నవరం.

రెండో దారి: రాజోలు మీదుగా అంతర్వేది

అమలాపురం నుంచి బోడసకుర్రు వెళ్ళి వైనతేయ దాటితే పాసర్లపూడి. ఒకప్పుడు ఇక్కడ పంటి మీద దాటేవారు. ఇప్పుడు వంతెన ఉంది. 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర చమురు సంస్థ బావి అంటుకుని 65 రోజులు మండింది. కాస్త పక్కకు తిరిగితే ఆదుర్రులో ప్రాచీన బౌద్ధ స్తూప శిథిలాలు ఉన్నాయి. మళ్ళీ రోడ్డెక్కితే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒకే దారిలో ధర్మం బోధించిన స్తూపమూ ఉంది, మన కాళ్ళ కింద నిప్పూ ఉంది.

రాజోలు దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరవచ్చు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. లక్ష్మీనరసింహస్వామి తీర్థానికి వెళ్ళి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఈసారి పల్లిపాలెం వైపు కూడా వెళ్ళి ఒడ్డును చూడండి. అక్కడ సముద్రం నేలను కోసుకుంటూ ముందుకు వస్తోంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కుంగుతున్న డెల్టాల్లో గోదావరిని కూడా చేర్చారు. ఎగువన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతే, దిగువన అరిగిన నేల మళ్ళీ పూడదు. ఈ తీరం 1996 నవంబరు 6 రాత్రి తుఫానును కూడా చూసింది. ఆ రాత్రి పడిపోయిన కొబ్బరి తోటల గురించి మీ తాతయ్యల్ని, అమ్మమ్మల్ని అడగండి.

మూడో దారి: లంకలు

ఇది దూరం తక్కువే కానీ అన్నిటికన్నా ముఖ్యమైన దారి. కొత్తపేట, పి.గన్నవరం వైపు ఏటిగట్టు మీద వెళ్తుంటే గట్టుకు నది వైపున లంకలు కనిపిస్తాయి. కనకాయలంక వంటి ఊళ్ళకు వెళ్ళే కాజ్‌వేలు వరద వస్తే మొదట మునుగుతాయి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అప్పుడు వదిలే నీరు వరుసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. రేడియోలో, ఫోనులో ఈ అంకెలు వింటూనే ఉంటాం. మొదటి హెచ్చరికకు మన వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో, మూడోదానికి ఎక్కడిదాకా వస్తాయో తెలిస్తేనే ఆ అంకెలకు అర్థం.

చెల్లెళ్ళకు ఒక మాట

సైకిలు యాత్ర అబ్బాయిలకే అనుకోవద్దు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాది మంది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. కూలి పనులు చేసుకునేవారు కూడా వారిలో ఉన్నారు. బస్సు కోసం, మగవాళ్ళ కోసం ఎదురుచూడటం మానేశారు. అక్షరం వచ్చినంత ధైర్యం సైకిలు వల్ల కూడా వస్తుందని వాళ్ళు రుజువు చేశారు.

జాగ్రత్తలు

1. వార్డెన్ గారి అనుమతి లేకుండా, ఒంటరిగా వెళ్ళకూడదు. కనీసం నలుగురు కలిసి వెళ్ళాలి.
2. బయలుదేరే ముందు బ్రేకులు, గాలి, చెయిను చూసుకోవాలి. పంపు, పంక్చరు సామాను గుంపుకు ఒకటి చాలు.
3. లారీలు తిరిగే జాతీయ రహదారి మీద ఒకరి వెనుక ఒకరు పోవాలి. వీలున్న చోట కాలువగట్టు దారి మంచిది.
4. నది సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగవద్దు. లోపలి లాగుడు పైకి కనిపించదు.
5. వరద, తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ప్రయాణం వద్దు.

నోటుబుక్కులో రాసుకోవలసినవి

సైకిలు దిగిన ప్రతి ఊళ్ళో మూడు ప్రశ్నలు అడగండి. 1986లో నీరు ఎంత ఎత్తు వచ్చింది? ఊళ్ళో మెరక ఏది, పల్లం ఏది? మన పేట దేనిలో ఉంది? జవాబులు తేదీతో సహా రాసి, చిన్న పటం గీయండి. పది ఊళ్ళ పటాలు చేరితే, అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠం అవుతుంది.

యెదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ ఊరి నుంచి యానానికి గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. మీరందరూ అంత పెద్ద పదవులు పొందాలని నా కోరిక. అయితే పదవి రాకపోయినా చేయగలిగిన పని ఒకటుంది. రేపు మన పేటకు ఇళ్ళస్థలాలు ఇచ్చే రోజు వస్తే, “అయ్యా, ఈ స్థలం మెరకా, పల్లమా? 1986లో ఇక్కడ ఎన్ని అడుగుల నీరుంది?” అని కాగితం చేత్తో పట్టుకుని అడగగలిగేవాడు, అడగగలిగేది ఒకరుండాలి. ఆ ఒకరు ఈ హాస్టల్ నుంచే రావాలి. వచ్చే ఆదివారమే సైకిలుకు గాలి కొట్టించండి.