ఆపే బటను

ముప్పై ఆరేళ్ళు సోషల్ చెప్పి 2018లో రిటైరయ్యాను. ఆఖరి పదేళ్ళు దివిసీమ హైస్కూళ్ళలో, చంకలో ల్యాప్‌టాప్‌తో తిరిగాను. మొన్న ఒక పాత విద్యార్థిని ఫోన్ చేసింది. డీఎస్సీలో సోషల్ పోస్టు వచ్చిందట, బళ్ళో గోడకి పెద్ద ప్యానెల్ కూడా ఉందట. "మాస్టారూ, మీరు మాకు వీడియోలు వేసేవారుగా, ఏవి చూపించాలో ఓ లిస్టు పంపండి" అంది. లిస్టు నా దగ్గర లేదు. నేను చూపించినవాటిలో సగం ఇప్పుడు దొరకవు. దొరికేవాటిలో సగం ఇప్పుడైతే నేనే చూపించను. అందుకని లిస్టు బదులు ఇది రాసి పంపాను.

1. అయిదు నిమిషాలది చాలు, అదీ మధ్యలో రెండుసార్లు ఆపాలి

నా చిన్నప్పుడు సినిమా హాల్లో అసలు బొమ్మకి ముందు ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీలు వేసేవారు. ప్రాజెక్టులు, వరదలు, మంత్రిగారి శంకుస్థాపనలు. అదయ్యేదాకా మా నాన్న బయటే నిలబడి బీడీ కాల్చుకునేవాడు. లోపలున్నవాళ్ళు వేరుశనక్కాయలు వలుచుకునేవారు. చూపించేది మంచి విషయమే, పాపం. దాని గురించి ఒకరినొకరు ఏమీ అడగాల్సిన పని లేదు, అంతే.

మొదట్లో నేనూ ఆ పనే చేశాను. నలభై నిమిషాల పీరియడ్లో ముప్పై అయిదు నిమిషాల డాక్యుమెంటరీ పెట్టి, వెనక కూర్చుని నోట్సులు దిద్దుకున్నాను. మర్నాడు ఎలా ఉందిరా అంటే ఒకడు లేచి "బాగుంది సార్" అన్నాడు. ఏం బాగుంది? "మ్యూజిక్ సార్."

ఆ దెబ్బతో పద్ధతి మార్చాను. ముందు రోజు రాత్రి మూడుసార్లు చూసి, ఎక్కడ ఆపాలో చీటీ మీద నిమిషం, సెకండు రాసుకునేవాణ్ణి. వ్యాఖ్యాత జవాబు చెప్పబోయే ముందే ఆపాలి. ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక చిన్న వీడియో ఉండేది. 1832-33 నందన కరువు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ కావడం, తర్వాత కాటన్ దొర రావడం, 1847లో పని మొదలై 1852కి పూర్తవడం, అన్నీ చకచకా నడిచేవి. కరువు దగ్గర ఆపి అడిగేవాణ్ణి: "కుంపిణీ వాళ్ళు ఇంత డబ్బు ఎందుకు పెట్టారు? జాలి పడా, శిస్తు కోసమా?" గోదావరి నీళ్ళు తాగిన బంధువులున్న పిల్లలు ఒక పక్క, మిగతావాళ్ళు ఒక పక్క. గంట కొట్టినా తగువు తెగేది కాదు. మిగిలిన రెండు నిమిషాల వీడియో చాలాసార్లు వెయ్యనేలేదు.

2. నవ్వితే కోప్పడకు

దండి యాత్ర ఫిల్ము వేశాను. గాంధీగారు కర్ర పట్టుకుని టకటకా నడుస్తుంటే తరగతంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండి, ఆపేసి, పావుగంట చీవాట్లు పెట్టాను. దేశభక్తి మీద చాలా గొప్పగా మాట్లాడినట్టు గుర్తు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ నడక నిజంగానే నవ్వొచ్చేలా ఉంది. అరవయ్యేళ్ళ మనిషి అలా ఎలా నడుస్తాడు?

మరుసటేడు నవ్వనిచ్చాను. నవ్వు ఆగాక, ఎందుకలా నడుస్తున్నారో చెప్పినవాడికి పెన్ను అన్నాను. "ఉప్పు కరిగిపోతుందని సార్" దాకా వచ్చాయి జవాబులు. అప్పుడు పాత నోటుబుక్కు తెప్పించి, పేజీల మూలన అడుగు తర్వాత అడుగు వేస్తున్న మనిషిని పెన్సిలుతో గీయించాను. బొటనవేలితో పేజీలు మెల్లిగా వదిలితే మనిషి నింపాదిగా నడుస్తాడు. గబగబా వదిలితే పరిగెత్తుతాడు. మూగ ఫిల్ముల కాలంలో కెమెరా సెకండుకి పదహారో పద్దెనిమిదో బొమ్మలు తీసేది. తర్వాతి యంత్రం ఆ ఫిల్మునే సెకండుకి 24 చొప్పున తిప్పేస్తుంది. గాంధీగారు తొందరపడలేదు, యంత్రం తొందరపడింది.

ఆ తర్వాత మళ్ళీ వేశాను, ఈసారి వేగం తగ్గించి. ఒక్కరూ నవ్వలేదు. సబర్మతి నుంచి దండికి 240 మైళ్ళు, 24 రోజులు. బయల్దేరినప్పుడు ఆయన వెంట ఉన్న 78 మందిలో సుబ్రహ్మణ్యం అనే మన ఆంధ్రా కుర్రవాడు ఒకడున్నాడని చెబితే, పిల్లలు ప్రతి మొహాన్నీ వెతకడం మొదలెట్టారు. దొరకలేదనుకో. కానీ వెనక వరసల్లో నడిచేవాళ్ళని చూడ్డం ఆ రోజే నేర్చుకున్నారు.

3. బొమ్మ ఎక్కడిదని అడుగు

ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్నది. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమలో చెప్పడానికి వీడియో ఎందుకని అడగొచ్చు. పిల్లలకది అమ్మమ్మలు ఏడుస్తూ చెప్పే కథ, పుస్తకంలో రెండు వాక్యాలు. కాబట్టి చూపిద్దామనుకున్నాను. నెట్‌లో ఒక నాలుగు నిమిషాల వీడియో దొరికింది. విషాద సంగీతం, గంభీరమైన గొంతు, ఎత్తయిన అల ఒడ్డుకి దూకడం, కార్లు కొట్టుకుపోవడం. పేరెంట్స్ మీటింగ్ రోజు కావడంతో పెద్దవాళ్ళూ వచ్చి వెనక నిలబడ్డారు.

అయ్యాక ఒక పిల్లవాడి నాయనమ్మ ముందుకొచ్చింది. "మేస్టరుగారూ, ఈ కార్లెవరియ్యండీ?" అంది.

నాకు నోట మాట రాలేదు. 1977లో సముద్రం ఒడ్డు పల్లెల్లో కార్లెక్కడివి? అది 2004 సునామీ నాటి రంగుల బొమ్మ. ఏ దేశంలో తీశారో ఏమో, ఎవరో తెచ్చి మన ఉప్పెనకి అతికించారు. నేను మూడుసార్లు చూసి, చీటీ రాసుకుని కూడా పట్టుకోలేకపోయాను. ఎందుకంటే నేను వినేవి మాటలు, చూసేవి నిమిషాలు. బొమ్మని బొమ్మగా చూడలేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. అల అట్లా నిలబడి దూకడం తనకి తెలీదంది. రాత్రి, గాలి హోరు, చీకట్లో కాళ్ళ కింద నీళ్ళు, అంతలోనే మెడదాకా. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నానని మోచేతి మీద ముళ్ళ మచ్చలు చూపించింది. అధికారుల లెక్కలోనే పదివేలకి దగ్గరగా పోయారని నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ లెక్క వేరు. తొమ్మిది మంది. పేర్లతో సహా చెప్పింది.

అప్పట్నుంచి ప్రతి వీడియోకీ పిల్లలచేత మూడు ప్రశ్నలు అడిగించాను. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, అక్కడ లేనిదేదైనా అతికించారా. పాత ఊరేగింపు ఫొటోలో ప్లాస్టిక్ బిందె పట్టేసిన పిల్లలున్నారు. ఇప్పుడు లేని బొమ్మని పుట్టించే యంత్రాలొచ్చాయంటున్నారు. ఆ బెడద నీ తరానిది, నాకంటే ఎక్కువ జాగ్రత్త పడాలి.

4. తెరని కాదు, తరగతిని చూడు

అంటరానితనం మీద ఎనిమిది నిమిషాల చిత్రం. హోటల్లో రెండు రకాల గ్లాసులు, గుడి బయట నిలబెట్టడం. తీసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. నేను కిటికీ పక్కన నిలబడి తెర చూస్తున్నాను. సగంలో ఎందుకో వెనక్కి తిరిగితే, తరగతిలో సగం మంది తెర చూడ్డం లేదు. మూడో వరసలో ఉన్న ఇద్దరు పిల్లల్ని చూస్తున్నారు. ఆ ఇద్దరిలో అమ్మాయి తల దించుకుని స్కేలుతో బల్ల గీకుతోంది.

గబుక్కున ఆపాను. అప్పటికే ఆలస్యమైంది. అది నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు. నువ్వు మాత్రం చెయ్యకు. బాధని నెత్తిన మోస్తున్న పిల్లకి ఆ బాధనే పదిమందిలో తెర మీద వేసి చూపించడం పాఠం కాదు.

మరుసటేడు అదే పాఠం 1927 మార్చి 20తో మొదలెట్టాను. మహద్ ఊళ్ళో చవదార్ చెరువు దగ్గరికి వేలమందితో నడిచొచ్చి, అంబేద్కర్ దోసిలితో నీళ్ళు తాగిన రోజు. వీడియో రెండు నిమిషాలే. ఆపి అడిగింది ఒక్కటే: "అందరికీ తెరిచిన చెరువని మునిసిపాలిటీ అప్పటికే తీర్మానించింది. మరి తాగడానికి అంత ధైర్యం ఎందుకు కావాల్సొచ్చింది?" ఈసారి ముందు చెయ్యెత్తింది మూడో వరసే.

5. సినిమాని తిట్టకు

మా మనవడు ఏడో తరగతిలో అల్లూరి సీతారామరాజు, కొమరం భీం స్నేహితులని పరీక్షలో రాసొచ్చాడు. 2022లో వచ్చిన సినిమా పుణ్యం. తీసినవాళ్ళే కల్పన అని చెప్పారు, వీడికి అదెక్కడ వినపడుతుంది! వాణ్ణి కూర్చోబెట్టి రెండు తేదీలు రాయించాను. 1924లో రామరాజు మరణం, 1940లో జోడేఘాట్‌లో భీం మరణం. ఒకరు బ్రిటిషు వాళ్ళ మీద మన్యంలో, ఒకరు నిజాం మీద ఆదిలాబాద్ అడవుల్లో. "అయితే కలవలేదా తాతా?" అని దిగులు పడ్డాడు. కాసేపటికి వాడే "ఇద్దరిదీ అడివి గొడవేగా" అన్నాడు. నేను పోడు, పశువుల మేత, అటవీ చట్టం అని బోర్డు మీద రాస్తే రాని మాట అది. ఆ సినిమా లేకపోతే జోడేఘాట్ పేరు వాడి చెవిన పడేదా?

6. యంత్రం సంగతులు

ముందే దించుకుని పెట్టుకో. నెట్ నమ్ముకుని క్విట్ ఇండియా పాఠం మొదలెడితే సరిగ్గా "డూ ఆర్ డై" దగ్గర రమ్మీ ప్రకటన వచ్చింది నాకు. కరెంటు పోతే చెప్పడానికి బోర్డు పాఠం సిద్ధంగా ఉంచుకో. లైట్లు అన్నీ ఆర్పకు, నాలుగో పాఠంలో చెప్పినట్టు తరగతి మొహాలు కనబడాలి.

7. వీడియో లేకపోయినా ఫరవాలేదు

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత రాత్రిబడి ఆడవాళ్ళు చదివింది సారా మీద ఒక చిన్న కథ. తెర లేదు, సంగీతం లేదు. చదివి, మన ఊళ్ళో దుకాణం ఎందుకుండాలని ఒకరినొకరు అడిగారు. రోశమ్మలాంటి వాళ్ళు ముందుకి నడిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ కథ రాసినవాళ్ళు ఇంత అవుతుందని అనుకుని ఉండరు. చదివాక మాట్లాడుకోవడానికి వాళ్ళకి చోటుంది, టైముంది. మన పీరియడ్లో కనీసం ఇరవై నిమిషాలు దానికి వదలాలి.

8. ఆఖర్న వాళ్ళచేతే తీయించు

రిటైరయ్యే ముందు ఏడాది తొమ్మిదో తరగతికి పని పెట్టాను. ఉప్పెన చూసిన మనిషితో మూడు నిమిషాల వీడియో, ఇంట్లో ఫోనుతో. సంగీతం పెట్టకూడదు, బయటి బొమ్మ ఒక్కటి కూడా అతికించకూడదు. కార్లెవరివని నన్నడిగిన ఆవిడ మనవడు వాళ్ళ నాయనమ్మనే తీశాడు. అరుగు మీద కూర్చుని చెబుతోంది. సరిగ్గా నీళ్ళు మెడదాకా వచ్చాయన్న చోట ఒక కోడి ఫ్రేములోకొచ్చి బియ్యం చేటలో ముక్కు పెట్టింది. ఆవిడ ఆపి, "హుష్" అని చెంగుతో అదిలించి, చేట పక్కకి జరిపి, మళ్ళీ అందుకుంది.

"అది కట్ చేసెయ్యనా సార్?" అన్నాడు వాడు.

వద్దన్నాను. తరగతిలో వేశాం. కోడి రాగానే అందరూ నవ్వారు. ఆవిడ చేట జరిపి, "అప్పుడు చంటిదాని చెయ్యి జారిపోయింది" అంది. వాడి చెయ్యి ఊగి బొమ్మ అరుగు మీంచి నేల మీదకి జారింది. ఎవరూ ఆపమనలేదు, నేనూ ఆపలేదు.