కొనుట, కలిగియుండుట, ధరించి తిరుగుట: ఆయుధ చట్టమున మూడు క్రియల విచారము

ఆయుధ చట్టము న్యాయవాదులు చదువవలసినదే గాని భాషాధ్యాపకులకు దానితో పనిలేదని సామాన్యముగా తలచుచుందురు. కాని చట్టమనునది మొదట వాక్యము. వాక్యమునకు ప్రాణము క్రియ. 1959 నాటి భారత ఆయుధ చట్టము 3వ సెక్షనున తుపాకిని గూర్చి మూడు క్రియలు కలవు. తుపాకిని పొందుట మొదటిది, స్వాధీనమున ఉంచుకొనుట రెండవది, ధరించి తిరుగుట మూడవది. వీనిలో ఏ ఒక్కటి చేయుటకైనను లైసెన్సు వలయును. వ్యవహారమునందలి తెలుగు ఈ మూడింటిని “వానికి తుపాకి ఉన్నది” అను ఒక్క మాటలో కలిపివేయుచున్నది. ఈ కలయిక వలన హనుమంతునిపాడు వంటి మెట్టసీమ రైతునకు కలుగగల ప్రమాదమును, దానిని తొలగించుటకు మనము చేయదగిన పనిని వివరించుట ఈ వ్యాసోద్దేశము.

కౌటిలీయమున ముద్ర

అనుమతి లేక ఆయుధము ధరింపరాదను నియమము ఆంగ్లేయులు తెచ్చినదని పలువురి అభిప్రాయము. అది పూర్తిగా సత్యము కాదు. కౌటిలీయార్థశాస్త్రము 5వ అధికరణమున భృత్యభరణీయమను 3వ అధ్యాయములో ఈ విషయము స్పష్టముగా ఉన్నది. ఆయుధములును కవచములును రాజముద్ర పడిన పిమ్మటనే ఆయుధాగారమున ప్రవేశింపవలెను. ముద్రతో అనుజ్ఞ పొందినవారు తప్ప ఇతరులు ఆయుధములతో సంచరింపరాదు. అనుజ్ఞ లేని బిడారుల ఆయుధములను సరిహద్దు కావలివారు పట్టుకొనవలెను. పోయిన ఆయుధమునకు రెట్టింపు వెల చెల్లింపవలెను.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. వస్తువుపై వేయు ముద్ర వేరు. మనుష్యునకు ఇచ్చు ముద్ర వేరు. మొదటిది ఆయుధము ఎక్కడిదో తెలుపును. రెండవది దానిని ధరించువాడెవ్వడో తెలుపును. నేటి చట్టమునను ఈ రెండును వేర్వేరుగానే ఉన్నవి. తయారీదారు పేరు, సంఖ్య మొదలగు గుర్తులు లేని తుపాకిని అమ్మరాదనియు, ఆ గుర్తులను చెరుపరాదనియు 8వ సెక్షను విధించుచున్నది. ఇది వస్తుముద్ర. 3వ సెక్షను కోరు లైసెన్సు పురుషముద్ర. భేదమేమనగా, కౌటిల్యుని దృష్టిలో ఆయుధము ప్రధానముగా రాజధనము. నేటి చట్టమున అది అనుమతికి లోబడిన సొంత ఆస్తి.

శుక్రనీతిలో నాళికను, అగ్నిచూర్ణమును గూర్చిన వర్ణనలు కలవు. వానిని ఆధారము చేసికొని మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యుడు గుస్తావ్ ఓపర్ట్ 1880లో ప్రాచీన భారతీయులకు తుపాకులు తెలియునని వాదించెను. కాని ఆ గ్రంథము మనకు లభించు రూపమున మిక్కిలి అర్వాచీనమని పిమ్మటి పరిశోధకులు చూపిరి. కావున దానిని ఇచ్చట ప్రమాణముగా గ్రహింపలేదు. ‘తుపాకి’ శబ్దము తుర్కీ మూలము గలదగుటయు, ‘ఫిరంగి’ పరదేశీయుల పేరునుండి వచ్చుటయు ఈ వస్తువులు మనకెట్లు వచ్చెనో తెలుపుచునే యున్నవి.

విధినుండి అనుమతికి

గిద్దలూరు, కంభం ప్రాంతములు 1800లో దత్తమండలములతోపాటు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. అంతకుముందు పాళెగాండ్ర కొలువున కట్టుబడి బంట్లు ఇనాము భూములు అనుభవించుచు ఆయుధసేవ చేసిరి. వారికి ఆయుధము హక్కును కాదు, అనుమతియును కాదు, వృత్తిధర్మము. ఇనాములు పోయిన కట్టుబడులు పలువురు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటున చేరిరి. ఆ పోరు గిద్దలూరు వరకు వచ్చెను. 1857 తరువాత నిరాయుధీకరణ చట్టములు వచ్చినవి. 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు పద్ధతిని దేశమంతట స్థిరపరచెను. దాని కింది మినహాయింపులు యూరోపియనులకు అనుకూలముగా ఉండుటయే భారతీయులకు గల ప్రధానమైన ఫిర్యాదు.

1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానమున నియమములకు లోబడి ఆయుధములు ఉంచుకొను హక్కు చేర్చబడెను. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ అట్టి హక్కును ప్రతిపాదింపగా సభ అంగీకరింపలేదు. రాజ్యాంగము 19వ అధికరణమున పౌరునకు సమావేశ స్వాతంత్ర్యమిచ్చుచు, శాంతియుతముగాను నిరాయుధముగాను అని విశేషించెను. ఆ ఒక్క విశేషణమున మన రాజ్యాంగ దృష్టి అంతయు ఇమిడియున్నది.

చట్టము ఎవరిది?

ఆయుధములు, తుపాకులు, మందుగుండు, ప్రేలుడు పదార్థములు రాజ్యాంగము 7వ షెడ్యూలు కేంద్రజాబితాలో 5వ అంశము. కనుక ఆంధ్రప్రదేశమునకు వేరు ఆయుధ చట్టము లేదు. 1959 చట్టము, 2016 నాటి నియమములు దేశమంతటికిని ఒక్కటే. లైసెన్సు నిచ్చు అధికారము మాత్రము సామాన్యముగా జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు చేతిలో ఉండును. 41వ సెక్షను కింద కేంద్రము కొందరికి మినహాయింపు నీయవచ్చును. కొడగు ప్రాంతపు కొడవలకును, జమ్మా భూస్వాములకును గల మినహాయింపు ఇందుకు ప్రసిద్ధోదాహరణము. 2019లో అది 2029 వరకు పొడిగింపబడెను.

అమెరికాలో స్థితి ఇందుకు విపరీతము. అచ్చట 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధ హక్కును పేర్కొనుచున్నది. అది వ్యక్తి హక్కని 2008లోను, ఇంటి వెలుపలికిని వర్తించునని 2022లోను అచ్చటి సుప్రీంకోర్టు చెప్పెను. రాష్ట్ర చట్టములు మాత్రము భిన్నములు. టెక్సస్ 2021లో 21 ఏండ్లు నిండిన అర్హులు చేతితుపాకిని లైసెన్సు లేకయే ధరింపవచ్చుననెను; కాలిఫోర్నియాలో ధరించుటకు లైసెన్సు వలయును. అచ్చట చదువుకును, ఉద్యోగమునకును తాత్కాలిక వీసాపై వెళ్లిన తెలుగువారు మరియొకటి ఎరుగవలెను. వేటలైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అట్టివారు తుపాకి కలిగియుండుటను ఫెడరల్ చట్టము నిషేధించుచున్నది. రాష్ట్రము ఇచ్చిన స్వేచ్ఛ చూచి కేంద్రపు నిషేధమును మరచుట ప్రమాదకరము.

మూడు క్రియల అర్థపరిధి

‘పొందుట’ యనగా కొనుట మాత్రమే కాదు. అద్దెకు తెచ్చుకొనుట, ఎరవు తెచ్చుకొనుట, కానుకగా స్వీకరించుట కూడ పొందుటయేయని చట్టము 2వ సెక్షనున నిర్వచించుచున్నది. ‘స్వాధీనము’ అనగా చేతిలో ఉండుట మాత్రమే కాదు. తెలిసి, తన అదుపునందుంచుకొనుటయే స్వాధీనమనియు, వస్తువు మరియొకచోటనున్నను అది వర్తించుననియు సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసున తేల్చెను. ‘ధరించి తిరుగుట’కు ఒక్క సడలింపు కలదు. లైసెన్సుదారుని సమక్షమున గాని, అతని వ్రాతపూర్వకానుమతితో గాని, మరమ్మతుకో లైసెన్సు పునరుద్ధరణకో అతని వినియోగమునకో లైసెన్సు లేనివాడును తుపాకిని మోయవచ్చును.

కలిగియుండుటకును ధరించి తిరుగుటకును గల భేదము పండితచర్చ మాత్రమే కాదు. 2004 అక్టోబరులో నక్సలైటు ప్రతినిధులు నల్లమలనుండి ప్రకాశం జిల్లా చిన్నారుట్ల వద్ద వెలుపలికి వచ్చి ప్రభుత్వముతో చర్చలకు వెళ్లిరి. ఆ కాలమున ఆయుధములు ధరించి గ్రామములలో తిరుగవచ్చునా అనునది ముఖ్య వివాదములలో ఒకటి. 2005 జనవరి నాటికి చర్చల ప్రయత్నము విఫలమయ్యెను. ఒక్క క్రియపై అంగీకారము కుదరకపోవుట ఎంత దూరము పోగలదో దీనివలన తెలియును.

మెట్టసీమ రైతు

ఇప్పుడొక రైతును దృష్టాంతముగా గ్రహింతము. కందిచేనిపై అడవిపందులు పడుచున్నవి. అతడు పొరుగువాని తుపాకిని నాలుగు రాత్రులకు ఎరవు తెచ్చుకొనెను; ఇది ‘పొందుట’. పగలు చేని గుడిసెలో దాచెను; ఇది ‘స్వాధీనము’. సాయంకాలము కుమారునిచేత ఇంటికి పంపెను; ఇది ‘ధరించి తిరుగుట’. అతని మనస్సున చేసినది ఒక్క పని, పంటకాపుదల. చట్టదృష్టిలో మూడు అపరాధములకు అవకాశమున్నది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేక తుపాకి కలిగియున్నవానికి రెండేండ్లకు తక్కువ కాని, అయిదేండ్ల వరకు పెరుగగల జైలుశిక్షయు, జరిమానాయు విధింపబడును. నాటు తుపాకి తయారు చేయువానికి ఏడేండ్లనుండి యావజ్జీవము వరకు శిక్ష కలదు.

ఇదే చట్టమున అతనికి అనుకూలమైన మార్గమును కలదు. అది తెలిసినవారు తక్కువ. 13వ సెక్షను ప్రకారము, నిజముగా పంటరక్షణకై గొట్టము మూతినుండి మందు దట్టించు తుపాకి కోరు పౌరునకు, ఇతర అభ్యంతరము లేనిచో, లైసెన్సు ఈయవలసియున్నది. సమీప పోలీసు స్టేషను అధికారి నివేదిక తెప్పించుకొని అధికారి విచారించును. చాలినంత ఆస్తి లేదను కారణముచేతనే దరఖాస్తును తిరస్కరింపరాదని 14వ సెక్షను చెప్పుచున్నది. తిరస్కరించినచో కారణములు వ్రాసియుంచవలెను. 18వ సెక్షను కింద అప్పీలు కలదు. 2019 నుండి లైసెన్సు గడువు అయిదేండ్లు. ఒక్కరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు.

లైసెన్సు లభించినను పని ముగియలేదు. తుపాకికి అనుమతి పందిని చంపుటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు 2022 సవరణ ప్రకారము అడవిపంది 2వ షెడ్యూలున ఉన్నది. పైరునకు ప్రమాదకరమైన జంతువును వేటాడుటకు ఆ చట్టము 11వ సెక్షను కింద అధికారి వ్రాతపూర్వకానుజ్ఞ వేరుగా పొందవలెను. అభయారణ్యమునకు 10 కిలోమీటర్ల లోపల నివసించు లైసెన్సుదారులు తమ పేర్లు అటవీశాఖవద్ద నమోదు చేయించుకొనవలెననియు, ఆ పరిధిలో కొత్త లైసెన్సునకు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి వలయుననియు 34వ సెక్షను విధించుచున్నది. నల్లమల అభయారణ్యముల అంచున నున్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంత గ్రామములకు ఇది విశేషముగా వర్తించును. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయసంహిత 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో ఉన్నది. ధర్మశాస్త్రకారులు ఆతతాయిని గూర్చి చెప్పినదానితో దానిని పోల్చి చదువవచ్చును. కాని ఆ హక్కు లైసెన్సు లేని తుపాకిని ఇంట ఉంచుకొనుటను సమర్థింపదు.

ఉపసంహారము

1966 నాటి అధికారభాషా చట్టముచే తెలుగు మన రాష్ట్రపు అధికారభాష. అయినను రైతును జైలుకు పంపగల వాక్యము అతని మాటలో లేనిచో అధికారభాష పేరునకే మిగులును. ఇంగ్లీషున మూడు క్రియలు, తెలుగున ఒక్క ‘ఉన్నది’ అను స్థితి తొలగవలెను. ‘పొందుట’, ‘స్వాధీనమున ఉంచుకొనుట’, ‘ధరించి తిరుగుట’ అను పదములను నియతార్థములతో వాడవలెను. ఎరవు కూడ పొందుటయేయని మొదటిదాని ప్రక్కనే వ్రాయవలెను. అర్థశాస్త్రమును బోధించునప్పుడు భృత్యభరణీయాధ్యాయము ప్రక్కన ఈ 3వ సెక్షనును ఉంచి చదివించినచో, విద్యార్థికి శాస్త్రవాక్యము అర్థమగును. అతని ఊరి రైతునకు చట్టవాక్యమును చెప్పగలవాడొకడు లభించును.