మెదడు పంపిన కబురు కండరానికి అందకపోతే?



పదో తరగతి బయాలజీలో ‘నియంత్రణ – సమన్వయం’ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగాడు: “టీచర్, కట్లపాము కరిస్తే వాపు రాదు, నొప్పి కూడా పెద్దగా ఉండదంటారు. మరి మనిషికి ఊపిరి ఎందుకు ఆగిపోతుంది?” మన రాజవొమ్మంగి చుట్టూ అడవి, పొలాలే కదా. ఈ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలనిపించి మీకూ రాస్తున్నాను.

నాడిలో కరెంటు ఎలా పుడుతుంది?

నాడీకణం ఒక చిన్న బ్యాటరీ లాంటిది. కణం బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ. కబురేమీ లేనప్పుడు కణం లోపలివైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. 1.5 వోల్టుల టార్చిలైటు బ్యాటరీతో పోలిస్తే ఇది ఇరవయ్యో వంతు.

కబురు మొదలవగానే కణం పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకొస్తుంది. ఆ వెంటనే పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ మామూలవుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు, రెండు వంతుల్లో అయిపోతుంది. ఒకచోట జరిగింది పక్కచోటును కదిలిస్తుంది. దీపావళికి సీమటపాకాయల దండను ఒక కొసన అంటిస్తే వరసగా పేలుకుంటూ పోయినట్టే. కాకపోతే టపాకాయ ఒక్కసారే పేలుతుంది, నాడి మరుక్షణమే మళ్లీ సిద్ధమవుతుంది. మయలిన్ తొడుగు ఉన్న లావు నాడుల్లో ఈ కబురు సెకనుకు 100 మీటర్ల దాకా వెళ్లగలదు. ఈ రహస్యాన్ని స్క్విడ్ అనే సముద్రజీవి నాడిలో కొలిచి చూపిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది.

విషం దెబ్బకొట్టేది ఎక్కడ?

నాడి చివర కండరానికి అంటుకుని ఉండదు. మధ్యలో కంటికి కనబడనంత సన్నని సందు ఉంటుంది. కరెంటు ఆ సందు దాటలేదు. అందుకే నాడి కొసన చిన్న సంచుల్లో ఉన్న ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, అవతల కండరానికి కబురు అందిస్తుంది. అప్పుడే కండరం బిగుసుకుంటుంది.

కట్లపాము విషం ముఖ్యంగా ఈ నాడి కొసలనే పాడుచేస్తుంది. తాచుపాము విషమైతే కండరం వైపు ఆ రసాయనం కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. రెండింటిలోనూ మెదడు ‘ఊపిరి తీసుకో’ అంటుంది, నాడి ఆ కబురు మోసుకొస్తుంది, కండరానికి మాత్రం అందదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. తర్వాత మింగడం, మాట కష్టమవుతాయి. చివరికి ఊపిరి అందదు. కళ్లు తెరవలేని స్థితిలో ఉన్నా ఆ మనిషికి చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వినబడుతూ ఉండవచ్చు.

పాము విషానికి ఇచ్చే ఇంజెక్షన్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు. అప్పటికే పాడైన నాడి కొసలను బాగుచేయలేదు. అవి మళ్లీ పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకు వెంటిలేటరే ఊపిరి. అందుకే మంత్రం, పసరు అంటూ పోగొట్టుకునే ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది.

గుర్తుంచుకోండి

• కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద కాకుండా మంచం మీద పడుకోబెట్టండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.
• తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అన్నా, రెప్పలు ఎత్తలేకపోయినా, గాటు కనబడకపోయినా పాముకాటేమోనని అనుమానించండి.
• కోయకండి, పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.
• పామును వెతికి చంపి తేనక్కర్లేదు. మన దేశంలో ఇచ్చే ఇంజెక్షన్ తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది.

ఈ నెల పిల్లలకు ఇచ్చిన హోంవర్కు ఒక్కటే: నాడి, కండరం మధ్య సందు బొమ్మ గీసి, పాముకాటుకు పసరు ఎందుకు పనిచేయదో ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో వివరించాలి. దయచేసి కాసేపు కూర్చుని మీరూ వినండి.