లక్షన్నర కట్టేముందు గేట్ పాస్ చూడండి

మొన్న ధర్మవరం నుంచి ఒక నేతన్న కూతుర్ని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. అమ్మాయి బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. ఆయన చేతిలో బెంగళూరు కోచింగ్ సెంటర్ కరపత్రం: సైబర్ సెక్యూరిటీ, కంప్లయన్స్, ఏఐ రిస్క్, ఆరు నెలలు, జాబ్ గ్యారంటీ. ఫీజు లక్షా అరవై వేలు. "అప్పు తెచ్చైనా కడతా సార్, ఇది నేర్చుకుంటేనే నౌకరీ అంటాండారు" అన్నాడు. అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. కట్టొద్దని అక్కడికక్కడే చెప్పాను. హిందూపురం, పెనుకొండ తల్లిదండ్రులూ ఇదే అడుగుతున్నారు కాబట్టి కారణం రాస్తున్నాను.

ఈ రంగంలో ఉద్యోగాలున్న మాట నిజం. ఇదంతా హ్యాకింగ్, కోడింగ్ అనుకోవడమే పొరపాటు. పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ నుంచి 900కు పైగా ఇంజన్లు మాయమైనట్లు 2025లో బయటపడిన సంగతి మనందరికీ తెలుసు. తప్పుడు ఇన్వాయిస్‌లు, గేట్ పాస్‌లతో ఏళ్ల తరబడి సరుకు బయటికి పోయిందని, లోపలివాళ్ల ప్రమేయం ఉందని పోలీసులు చెప్పారు. గేటు రిజిస్టరునూ స్టోర్స్ లెక్కనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో పట్టుకునే మనిషికే ఈ పనిలో విలువ. 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా దోచుకున్న ముఠా కూడా ఉద్యోగులు తెరిచిన మెయిళ్ల ద్వారానే లోపలికి దూరింది. భద్రతలో లోపాలకు ఆ బ్యాంకుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది.

ఏఐ రిస్క్ అన్నా భయపడాల్సింది లేదు. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారు, దాంతో కంపెనీ అలాంటి టూల్స్‌ను నిషేధించింది. రేపు మన పెనుకొండ వెండర్ కంపెనీలో ఒక కుర్రాడు డ్రాయింగును ఏఐలో పెట్టి అనువాదం చేయమంటే? ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు, ఎవరి అనుమతి కావాలి అన్న నియమం రాసి, అది అమలవుతోందో లేదో చూడటమే ఆ ఉద్యోగం.

చట్టాలు కూడా ఈ పనిని పెంచుతున్నాయి. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నిబంధన ఉంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రత సరిగా లేకుంటే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. అంటే తెలుగులో నాలుగు వాక్యాలు తేటగా రాయగలిగిన పిల్లలకూ ఇందులో చోటుంది.

ఈ పనిలో అడుగు పెట్టడానికి ఏ డిగ్రీ అయినా సరే.

ఇక కోచింగ్ సంగతి. ఈ రంగంలో పేరున్న సీసా (CISA), సీఐఎస్ఎస్‌పీ (CISSP) పరీక్షలు ఫ్రెషర్ కూడా రాయొచ్చు, కానీ సర్టిఫికెట్ చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్ల అనుభవం చూపాలి, చదువును బట్టి కొంత సడలింపు ఉంటుంది. ఈ మాట కరపత్రంలో ఉండదు. అనుభవం లేని పిల్లలకు కొన్ని సెంటర్లు దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అంటగడతాయి. కంపెనీ పీఎఫ్ రికార్డు తీసి చూస్తే రెండు నిమిషాల్లో బయటపడుతుంది. నిజాయితీని కాపాడాల్సిన ఉద్యోగంలోకి అబద్ధంతో పంపి, పట్టుబడ్డాక పిల్లల్నే తిడతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పక్కింటి అబ్బాయి సీఎస్ఈ ఏఐలో చేరాడని మెకానికల్ ఇష్టపడే కొడుకును అందులోకి తోసేవాళ్లకూ ఒక మాట చెబుతాను: వాణ్ని వదిలేయండి. మెషిన్ తెలిసిన వాడికే ఫ్యాక్టరీలో రిస్క్ ఎక్కడుందో కనిపిస్తుంది.

నేను మెచ్చే దారి నిదానమైనది. డిగ్రీ అవగానే ఆడిటర్ ఆఫీసులోనో, పెనుకొండ, హిందూపురం పరిశ్రమల్లో స్టోర్స్, క్వాలిటీ, అకౌంట్స్ విభాగాల్లోనో చేరాలి. రెండేళ్లు రిజిస్టర్లు చూడాలి, ఇంటర్నల్ ఆడిట్ జరిగినప్పుడు పక్కన నిలబడాలి. సాయంత్రం ఎన్‌పీటీఈఎల్‌లో ఉచిత పాఠాలు వినాలి. సమాచార భద్రత ప్రమాణమైన ఐఎస్ఓ 27001 లీడ్ ఆడిటర్ కోర్సు ఐదు రోజులది. వీలైతే దాని ఖర్చు కంపెనీయే పెట్టుకునేదాకా ఆగాలి. ఏఐ నిర్వహణకు 2023 చివర్లో వచ్చిన ఐఎస్ఓ 42001 ప్రమాణం ఆ తర్వాతి మెట్టు. మొదట్లో జీతం తక్కువే, కానీ వడ్డీ కట్టే బాధ ఉండదు.

ఆ నేతన్నకు చెప్పిందే మీకూ చెబుతున్నాను: కట్టొద్దు. అయినా కట్టాలనిపిస్తే, అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు, ఆ సెంటర్‌లో చదివి ఉద్యోగం తెచ్చుకున్నామంటున్న ఇద్దరు పిల్లల్ని స్వయంగా కలవండి. వాళ్ల పీఎఫ్ పాస్‌బుక్ చూపించమని అడగండి.