చక్రాయపేటలో చేరిన కొత్త టీచరుకు

2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన పోస్టులు 16,347. ఇన్ని వేలమందిలో టౌను బడి దొరికేది కొందరికే. చక్రాయపేట లాంటి మండలంలో, ఒకరిద్దరు టీచర్లుండే బడిలో చేరామని దిగులుపడేవాళ్లకే ఈ నాలుగు మాటలు.

టీచరు బాధ్యత ఏమిటో విద్యాహక్కు చట్టం 24వ సెక్షనే చెప్తుంది. వేళకు రావాలి, సిలబస్ పూర్తిచేయాలి, ఒక్కో బిడ్డకు ఎంతవరకు వచ్చో చూసి అవసరమైతే అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి. హాజరు ఫోన్లో పడుతుంది, సిలబస్ రికార్డుల్లో కనిపిస్తుంది. ఒక్కో బిడ్డ సంగతి మాత్రం ఏ తనిఖీకీ పూర్తిగా దొరకదు. నా లెక్కలో టీచరు పని మొదలయ్యేది అక్కడే.

చేరిన వారంలోనే ఒక నోటుబుక్కు పెట్టుకోండి, పిల్లకొక పేజీ. మూడో తరగతి బిడ్డ చేత రెండో తరగతి వాచకం చదివించండి. 'మొద్దు' అని రాసుకుంటే చేసేదేమీ లేదు. 'ఒత్తుల దగ్గర ఆగుతాడు' అని రాసుకుంటే రేపటి పాఠం తయారైనట్టే. పెద్ద పిల్లలకు రాతపని ఇచ్చి, రోజూ ఓ అరగంట ఇలా ఆగిపోయే పిల్లలకే కేటాయించండి. అన్ని తరగతులూ ఒకే గదిలో ఉంటే కష్టమే, కాదనను. అన్నట్టు, అదే చట్టం 17వ సెక్షను నిషేధించింది కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా. బెత్తం వదిలేసినా నోరు అదుపులో పెట్టుకోనివాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

శ్రావణ శనివారాల్లో ఊళ్లన్నీ గండి ఆంజనేయస్వామి దగ్గరే ఉంటాయి. ఆరోజు కొత్త పాఠం ఎత్తుకోవద్దు, పాతది తిరగేయించండి. అమ్మో నాయనో కువైట్‌లో ఉండి, అవ్వ దగ్గర పెరిగే పిల్లలూ మీకు తగులుతారు. మీటింగుకు ఎవరూ రాలేదని నిష్ఠూరమాడొద్దు. సాయంత్రం బస్సెక్కేముందు మీరే ఆ ఇంటికెళ్లి, "అవ్వా, మీ మనవడు ఎక్కాలు గడగడా చెప్తాడు" అనండి. ఫిర్యాదులేమైనా ఉంటే తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆ ఇంట్లో మీ మాట చెల్లాలి.

ఏదో ఒకనాడు మీకూ బదిలీ వస్తుంది. పోయేటప్పుడు ఆ నోటుబుక్కు బీరువాలో పడేసి తాళం వేయకండి. మీ స్థానంలో వచ్చే టీచరు చేతికివ్వండి. లేకుంటే ఒత్తులు దాటిన బిడ్డను ఆయన మళ్లీ అఆల దగ్గర కూర్చోబెడతాడు.