యాసెనోవాట్స్: ఒక గ్రామం, రెండు యుద్ధాలు

ఎక్కడుంది? క్రొయేషియాలో, ఊనా నది సావా నదిలో కలిసే ప్రాంతంలో. సావా నదికి అవతల బోస్నియా-హెర్జెగోవినా. గ్రామం ప్రస్తుతం సిసాక్-మొస్లావినా కౌంటీలోని ఒక మున్సిపాలిటీకి కేంద్రం.

రెండో ప్రపంచ యుద్ధం
- 1941 ఏప్రిల్ 10: నాజీల అండతో ‘స్వతంత్ర క్రొయేషియా రాజ్యం’ ప్రకటన. పాలకులు ఉస్తాషాలు (క్రొయేషియన్ ఫాసిస్టులు).
- 1941 ఆగస్టు: ఇక్కడ నిర్బంధ శిబిరాల ఏర్పాటు మొదలు. సెర్బులు, రోమాలు, యూదులు, ఫాసిజాన్ని ఎదిరించిన క్రొయేషియన్లు బలయ్యారు.
- ఇక్కడి స్మారక సంస్థ పేర్లతో నమోదు చేసిన మృతులు: 83,145 మంది.
- 1945 ఏప్రిల్ 22: ఖైదీల తిరుగుబాటు. తప్పించుకోబోయిన వారిలో అత్యధికులు మరణించారు.

స్మారకం: ‘రాతి పువ్వు’ (1966). వాస్తుశిల్పి బొగ్దాన్ బొగ్దానోవిచ్.

స్వాతంత్ర్య యుద్ధం
- 1991 జూన్ 25: క్రొయేషియా స్వాతంత్ర్య ప్రకటన.
- 1991 అక్టోబరు: గ్రామం సెర్బు దళాల వశం.
- 1995 మే: ‘ఆపరేషన్ ఫ్లాష్’తో తిరిగి క్రొయేషియా అధీనంలోకి.

తికమక వద్దు: 1995 మేలో పశ్చిమ స్లవోనియాలో (ఈ గ్రామమున్న ప్రాంతం) జరిగింది ‘ఫ్లాష్’, ఆగస్టులో క్రాయినాలో జరిగింది మరో ఆపరేషన్ ‘స్టార్మ్’.

గుర్తుంచుకోండి: తేదీలు మార్కుల కోసం చదవండి. 83,145 అనే సంఖ్య వెనక ఉన్నది మాత్రం ఒక్కొక్కరూ ఒక పేరున్న మనిషి.