వైద్య నిర్లక్ష్యం: రోగికి చట్టం ఏమి చెబుతోంది?

చికిత్స వికటించినప్పుడు బంధువుల నోట సాధారణంగా రెండు మాటలు వినిపిస్తుంటాయి. "డాక్టరే చంపేశాడు" అనేది ఒకటి, "మన రాత ఇంతే" అనేది మరొకటి. చట్టం ఈ రెండింటినీ తేలికగా ఒప్పుకోదు. రోగి కోలుకోకపోవడం, చనిపోవడం దానంతట అదే నిర్లక్ష్యం కాదు. అదే చదువు, అదే అనుభవం ఉన్న మామూలు డాక్టరు ఆ పరిస్థితిలో తీసుకునేపాటి జాగ్రత్త ఇక్కడ తీసుకున్నారా, లేదా? కోర్టు అడిగే మొదటి ప్రశ్న ఇది.

మన హైదరాబాదులోనే జరిగిన ఒక కేసు చూడండి. 1990లో ఇరవై ఏళ్ళ ఇంజినీరింగ్ విద్యార్థి నిమ్స్ ఆసుపత్రిలో చేరాడు. ఛాతీలో, వెన్నెముకను ఆనుకొని గడ్డ ఉన్నట్టు తేలింది. పరీక్ష కోసం ముక్క తీయడానికి ఒప్పుకొని సంతకం పెట్టారు. ఆపరేషనులో మాత్రం గడ్డ మొత్తం తీసివేశారు. వెన్నుపూసకు సంబంధం ఉన్నా న్యూరోసర్జనును ముందు సంప్రదించలేదు, ఆపరేషను బల్ల దగ్గరా ఉంచలేదు. మత్తు దిగేసరికి అతని రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. 2009 మే నెలలో సుప్రీంకోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. అంటే న్యాయం దొరకడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. కేసు వేయాలనుకునేవారు ముందే తెలుసుకోవాలి.

ఈ తీర్పులో మనకు ముఖ్యమైనది సంతకం సంగతి. దేనికి ఒప్పుకున్నారో దానికే ఆ సంతకం చెల్లుతుంది. ప్రాణాపాయం ఉంటే తప్ప, "ఎలాగూ కోశాం గదా" అని మరో ఆపరేషను చేయడానికి వీలులేదు. 2008లో ఢిల్లీకి చెందిన ఒక కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మత్తులో ఉన్న 44 ఏళ్ళ స్త్రీకి, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకొని గర్భసంచి తీసివేశారు. అది చెల్లదని కోర్టు తేల్చింది. కాబట్టి కాగితం చేతికిచ్చినప్పుడు "ఏ ఆపరేషను? వేరే మార్గం ఉందా? ప్రమాదమేమిటి?" అని అడగండి. అలా అడిగితే డాక్టరుగారిని అవమానించినట్టు కాదు.

"మిషను ఆసుపత్రిని కూడా అడగవచ్చా?" అని కొందరు సందేహిస్తారు. తప్పకుండా అడగవచ్చు. 1995లో లూధియానాలోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఊపిరాడని రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంది. రోగి చనిపోయాడు. డాక్టర్ల మీద పెట్టిన క్రిమినల్ కేసును 2005లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. క్రిమినల్ నేరం కావాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలనీ, వేరొక డాక్టరు అభిప్రాయం లేకుండా కేసు నడపరాదనీ చెప్పింది. సిలిండరు లేకపోవడానికి ఆసుపత్రి పరిహారం చెల్లించవలసి రావచ్చునా అన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలింది. మా దృష్టిలో ఈ తేడా న్యాయమైనదే. ప్రతి మరణానికీ పోలీసులు వస్తే కష్టమైన రోగిని చేర్చుకునే డాక్టరు ఉండడు.

ఉచిత వైద్యం మాటేమిటి? 1995 నవంబరు 13 నాటి తీర్పు ప్రకారం, అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకొని కొందరికి ఉచితంగా చేసే చోట మాత్రం ఉచిత రోగికి కూడా అదే హక్కు ఉంది. మిషను ఆసుపత్రులు చాలావరకు ఈ రెండో రకమే.

కొట్టడం, బూతులు తిట్టడం వేరే విషయం. పురిటి నొప్పులు పడుతున్న స్త్రీని చెంపదెబ్బ కొట్టడం చికిత్స కాదు, నేరం. మానసిక రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఫిర్యాదు చేయాలంటే ముందు కేసు షీటు సంపాదించాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అడిగినట్టు రాసి, తేదీతో రసీదు తీసుకోండి. డాక్టరు మీద చర్య కోరితే రాష్ట్ర వైద్య మండలికి రాయాలి, కానీ అక్కడ పరిహారం రాదు. పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. చికిత్సకు చెల్లించినది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు.